మగ్గం ఎత్తిన కాలు

నా నడుము లోపల ఎట్లుంటుందో నేను మొదటిసారి చూసింది అనంతపురంలో, ఎముకల డాక్టరు గదిలో. ఆయన నల్లటి ఫిల్మును లైటు పెట్టెకు తగిలించి, పెన్ను మూతతో కింది రెండు చోట్ల తట్టాడు. పైనున్న ఎముకల మధ్య దిండ్లు తెల్లగా, నిండుగా ఉన్నాయి. కింది రెండూ నల్లబడి అణిగిపోయాయి. వాటిలో ఒకటి వెనక్కి తన్నుకొచ్చి, ఎడమ కాలికి పోయే నరాన్ని ఒత్తుతోంది.

"వీటిలో నీళ్లుండాలప్పా. ఇంకిపోయినాయి," అన్నాడు.

అనంతపురం జిల్లాలో పుట్టినవాడికి నీళ్లు ఇంకిపోవడం గురించి ఒకరు చెప్పాలా? చెరువులు పోవడం చూశాం, బోర్లు పోవడం చూశాం, ఇప్పుడు నడుములో కూడా పోయాయన్నమాట అనుకున్నాను. "మళ్ళా నీళ్లు పట్టేదానికి మందేమన్నా ఉండాదా సార్?" అని అడిగాను. పక్కన కూర్చున్న నా భార్య నా మోచేతిని గిల్లింది. డాక్టరు మాత్రం నవ్వలేదు.

"లేదు. ఉండాదని ఎవరన్నా చెబితే నమ్మొద్దు. ఇట్లాంటి ఫోటో ఉన్నోళ్లు చానామంది ఏ నొప్పీ లేకుండా తిరుగుతాండారు. మేం ఫోటోకు వైద్యం చెయ్యం, మనిషికి చేస్తాం. నడుము నొప్పికి తొందర లేదు. కసరత్తు చెయ్యి, గంటలు గంటలు ఒక్క చోటే కూచోవద్దు, నొప్పి ఎక్కువైనప్పుడు నాలుగు దినాలు మాత్రలు వేసుకో. కాల్లో నొప్పి తగ్గకుంటే నరం కాడ ఒక సూది వేస్తాం. ఆపరేషను ఆఖరు మాట." తర్వాత పెన్ను బల్ల మీద పెట్టి నా వైపు తిరిగాడు. "కానీ పాదంలో బలం తగ్గినా, కూచునే చోట తిమ్మిరెక్కినా, ఒంటికి పోయేది తెలీకపోయినా, అప్పుడు నిదానం లేదు. ఆ పొద్దే రావాల. వారం ఆగి వచ్చినావంటే నేను చేసేదేమీ ఉండకపోవచ్చు."

ఆ మాటలు నేను విన్నాను. నా భార్యా విన్నది. నాకు ఎవరూ చెప్పలేదు అనుకునే వీలు నాకు లేదు. అందుకే ఈ సంగతి అన్నిటికంటే ముందు రాస్తున్నాను.

ధర్మవరంలో మాది గుంత మగ్గం. నేలలో మోకాళ్ల పైదాకా లోతున్న గుంత ఉంటుంది. దాని అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వదిలి, అడుగున ఉన్న తొక్కుడు పలకలను ఒకటి మార్చి ఒకటి తొక్కుతాం. చేత్తో దారం నింపిన నాడె విసిరి, అడ్డంగా పడిన దారం కుదురుకునేలా ముందుకు వంగి ఒక దెబ్బ కొడతాం. ఆ దెబ్బను పోటు అంటాం. కంటికి, చేతికి, కాలికి చేతినిండా పని. నడుముకు మాత్రం పనేమీ లేదనుకుంటాం. నాయన నన్ను గుంతలోకి దించినప్పుడు నాకు పదహారేళ్లు. ఆ ఫోటో తీసేనాటికి నలభై ఆరు. ముప్పై ఏళ్లు వంగే బతికాను.

డాక్టరు దాకా నేను నేరుగా వెళ్లానని అనుకోకండి. అంతకు ముందు రెండేళ్లు నేను చేయించుకోని వైద్యం లేదు. వీధి చివర సూదులేసే ఆయన దగ్గరికి పోతే పొద్దున వేసిన సూది సాయంత్రానికి దిగిపోయేది. ఆయనా నేనూ ఇద్దరం దానికి అలవాటు పడ్డాం. ఆముదం కాచి రాయించుకున్నాను. ఇటుక వేడి చేసి కాపడం పెట్టించుకున్నాను. ఎవరో చెబితే కాళ్లకు బరువులు కట్టి లాగించుకునే చోటికి పది రోజులు తిరిగాను. మంచం మీద లాగినంతసేపూ హాయిగానే ఉండేది. ఇంటికొచ్చి గుంతలో కూర్చుంటే లాగినదంతా మళ్లీ కిందికి దిగేది.

మా వీధిలో ఎదురుకాళ్లతో పుట్టిన ముసలామె ఒకామె ఉంది. అట్లా పుట్టినవాళ్లు పాదం ఆనిస్తే నడుము పట్టు వదులుతుందని మావాళ్ల నమ్మకం. నన్ను బోర్లా పడుకోబెట్టి, గోడ పట్టుకుని, మూడు ఆదివారాలు నా నడుము మీద ఎడమ పాదం మోపింది. మూడో ఆదివారం దిగుతూ, "నాయనా, నా నడుము తొక్కేదానికి ఇంకెవరన్నా ఎదురుకాళ్లోళ్లు యాడన్నా ఉండారేమో కనుక్కో," అంది. ఇద్దరం నవ్వాం. ఆ నవ్వుకే నా నడుము మళ్లీ పట్టుకుంది.

డాక్టరు పంపితే కసరత్తులు నేర్పే అమ్మాయి దగ్గరికి వెళ్లాను. వయసులో చిన్నది గానీ మాటలో పెద్దది. బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ ఎత్తమంది. వెల్లకిలా పడుకుని కడుపు బిగించి కాళ్లు ఒక్కొక్కటే లేపమంది. అన్నిటికంటే ముఖ్యం, అరగంటకోసారి గుంతలోంచి లేచి నడవమంది.

"అరగంటకోసారి లేస్తే నేత ఎట్ల సాగుతాదమ్మా?" అన్నాను.

"నడుము పోతే ఎట్ల సాగుతాదన్నా?" అంది.

పదకొండు రోజులు ఆమె చెప్పినట్టే చేశాను. నిజం చెప్పాలంటే ఆ పదకొండు రోజులూ నొప్పి తగ్గుముఖం పట్టింది. కానీ లేచి తిరిగొచ్చిన ప్రతిసారీ చెయ్యి మళ్లీ దారిలో పడడానికి కొంచెం సేపు పట్టేది. నాకు చిరాకు. పన్నెండో రోజు పొద్దున వాన మబ్బు పట్టి పట్టుదారం మెత్తగా, చెప్పినట్టు వింటోంది. మా దగ్గర అట్లాంటి రోజు ఏడాదికి ఎన్నిసార్లు వస్తుంది? మధ్యాహ్నం దాకా లేవలేదు. ఆ తర్వాత లేవడం మానేశాను.

కాల్లో మంట ఎక్కువైంది. పిరుదు నుంచి మడమ దాకా ఎవరో కాలిన కమ్మీ గుచ్చినట్టు ఉండేది. అనంతపురం వెళ్తే, ఎక్స్‌రే మిషను కింద బోర్లా పడుకోబెట్టి నరం దగ్గర సూది వేశారు. వారంలో మంట సగానికి సగం దిగింది. "ఇది రిపేరు కాదప్పా. కసరత్తు చేసుకునేదానికి నీకు దొరికిన టైము, అంతే," అన్నాడు డాక్టరు. ఆ టైమంతా నేను మగ్గానికి ఇచ్చాను. నాకు నొప్పి తగ్గిందంటే మళ్లీ కూర్చోవచ్చని అర్థం. ఇంకో అర్థం ఉంటుందని తోచలేదు.

అప్పుడు మగ్గం మీద మూడు చీరలకు సరిపడా నిలువు దారాల పడుగు ఉంది. రెండు అయిపోయాయి. మూడోది పెళ్లిచీర. గోరంట్ల వైపు పెళ్లివాళ్లు రంగు చూసి మరీ చెప్పి నేయించుకుంటున్నది. ఒంటి నిండా జరీ బుటాలు, మూరెడు కొంగు.

మాలో ఒక పట్టింపు ఉంది. చీరను మొదలుపెట్టిన చెయ్యే దాన్ని ముగించాలి. ఇద్దరి పోటు ఎప్పుడూ ఒక్కటిగా ఉండదు. ఒకరు గట్టిగా కొడతారు, ఒకరు మెత్తగా. చెయ్యి మారిన చోట చీరకు అడ్డంగా సన్నటి గీత పడుతుంది. మీకు కనపడదు. మా చీరలు కొనే సావుకారు చీరను గుమ్మం దగ్గర వెలుగుకు పట్టుకుంటే ఆయనకు కనపడుతుంది, మాకు కనపడుతుంది. పెళ్లిచీరలో అట్లాంటి గీత ఉండకూడదని మా పెద్దలు గట్టిగా పట్టుబట్టేవాళ్లు. దాన్ని నేను వాళ్లకంటే గట్టిగా పట్టుకున్నాను.

నా భార్య నేతగాళ్ల ఇంటి బిడ్డ. పెళ్లికి ముందే వాళ్ల నాయన మగ్గం మీద పెద్ద చీరలు నేసింది. ఆమె పోటు నా పోటు కంటే గట్టిది. ఈ మాట ఆమెకు నేను ఎప్పుడూ చెప్పలేదు. పెళ్లిచీర సగం దాటాక ఒకరోజు నేను గుంతలోంచి లేవడానికి పడుతున్న అవస్థ చూసి, "నువ్వు నాలుగు దినాలు నడుము వాల్చు. నేను కూచుంటా," అంది.

"నీ పోటు వేరే, నా పోటు వేరే. పెండ్లిచీర చెడగొడతావా?" అని కసిరాను.

ఆమె నాడెలో పెట్టే దారం కండెలు చుట్టుకోవడంలో పడింది.

మరుసటి సోమవారమో మంగళవారమో జరిగింది అది. బుటాలు లేపడానికి మగ్గం మీద జాకార్డు పెట్టె ఉంటుంది. దాని పలక నా ఎడమ పాదం కింద. తొక్కితే పెట్టె లేస్తుంది, వదిలితే పెట్టె బరువుకు పలక దానంతటదే పైకి వస్తుంది. ఆ పొద్దున నేను తొక్కాను, వదిలాను. పలక పైకి వచ్చింది. పాదం రాలేదు. ముందు భాగం వేలాడిపోయి వేళ్లు పక్క పలక కిందికి జారాయి. వంగి చేత్తో తీసి పెట్టుకున్నాను. మళ్లీ అదే. పదిసార్లు అట్లా అయ్యాక నాకు కోపం వచ్చింది, పాదం మీద.

నేను చేసిన పని ఏమిటంటే, పాత చీర పేలిక ఒకటి చింపి పాదాన్ని పలకకు కట్టేశాను. పలక పైకొస్తే దాంతోపాటు పాదమూ పైకొస్తుంది. నేను తొక్కడం వరకే, ఎత్తే పని మగ్గానిది. అద్భుతంగా పనిచేసింది. ఆ సాయంత్రం నా తెలివికి నేనే మురిసిపోయానని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. దారం తెగితే ముడి వేస్తాం, కర్ర చీలితే తాడు చుడతాం, ఏది చెడినా చేతికందిన దానితో సర్దుకుని పని ఆగకుండా చూసుకుంటాం. అది మా పని తీరు. నా కాలిని కూడా మగ్గంలో ఒక సామానుగానే చూశాను.

డాక్టరు మాట గుర్తు లేదా అంటే ఉంది. దానికీ ఒక సమాధానం తయారు చేసుకున్నాను. బలం తగ్గితే రమ్మన్నాడు. నాకు బలం తగ్గలేదే, పలకను బాగానే తొక్కుతున్నాను. ఎత్తడం ఒక్కటే రావడం లేదు. వకీలు కూడా ఇంత బాగా వాదించడు. పైగా ఆ వారంలోనే కాల్లో మంట దాదాపు పోయింది. రెండేళ్ల తర్వాత కాలు చల్లగా ఉంది. సూది మందు ఇప్పుడు పూర్తిగా పట్టిందనుకుని సంతోషపడ్డాను.

నడిచేటప్పుడు ఎడమ చెప్పు ఊడిపోయేది. వెనక పట్టీ ఉన్న చెప్పులు కొనుక్కున్నాను. "కాలెందుకు అట్ల ఈడుస్తాండావు?" అని నా భార్య రెండు మూడుసార్లు అడిగింది. "తిమ్మిరిలే," అన్నాను. ఆమె గుంత వైపు వచ్చినప్పుడల్లా ఒడిలో గుడ్డ ఒకటి పరుచుకుని కాళ్లు కనపడకుండా కూర్చునేవాణ్ణి. అంటే నేను దాస్తున్నానని నాకు తెలుసు. తెలియకుండా చేసిన తప్పు కాదు ఇది.

మూడు వారాలకు కొంగు పూర్తయింది. చీర కోసి మగ్గం నుంచి దించాను. నా భార్య దాన్ని వాకిట్లో వెలుగుకు పట్టి చూసింది. "ఒక్క గీత లేదు," అంది. నేను పేలిక విప్పుకుని, గుంతలోంచి లేచి, చీర అందుకుందామని రెండు అడుగులు వేశాను. ఎడమ పాదం గడపకు తట్టుకుంది. ముందుకు పడ్డాను. ఆమె చీరను అరుగు మీద పెట్టి పరుగెత్తుకొచ్చింది. నన్ను లేపి కూర్చోబెట్టి నా పాదం చేతిలోకి తీసుకుంది. వదిలితే అది కిందికి వాలింది. మళ్లీ ఎత్తి వదిలింది. మళ్లీ వాలింది. లేచి తలుపు తాళం తెచ్చింది.

బస్సు రాప్తాడు దగ్గర హైవే ఎక్కింది. ఆమె నా చెయ్యి పట్టుకుని, "భయపడొద్దు. ఆ పొద్దే రమ్మన్నాడు గదా, ఆ పొద్దే పోతాండాం," అంది. ఆమెకు అప్పుడే చెప్పి ఉండాల్సింది. కిటికీలోంచి ఎండిన వేరుశెనగ చేలు చూస్తూ కూర్చున్నాను.

డాక్టరు నన్ను మడమల మీద నిలబడమన్నాడు. కుడి పాదం లేచింది, ఎడమది నేలకే అతుక్కుంది. బొటనవేలు మీద తన వేలు పెట్టి ఎత్తమన్నాడు. ఎత్తుతున్నాననే అనుకున్నాను. వేలు కదల్లేదు.

"ఎన్ని దినాలైంది?"

"ఈ పొద్దే సార్," అంది నా భార్య ఆత్రంగా. "గడప తట్టుకుని పడినాడు. వెంటనే బస్సెక్కినాం."

డాక్టరు మొహం కొంచెం తేటబడింది. ఫోను అందుకుని ఆపరేషను గది గురించి ఎవరితోనో మాట్లాడబోయాడు. నేను ఆగలేకపోయాను.

"మూడు వారాలు సార్," అన్నాను.

నా భార్య నా వైపు తిరిగి చూసింది. ముప్పై ఏళ్లలో నేను ఎన్నో చూపులు పడ్డాను, నాయనవి, సావుకార్లవి. ఆ చూపు లాంటిది లేదు. డాక్టరు ఫోను కింద పెట్టి, "మరి నొప్పి?" అన్నాడు.

"తగ్గిపోయింది సార్."

"సంతోషపడినావా?"

తల ఊపాను.

"నరం చచ్చిపోతాంటే నొప్పి కూడా పోతాదప్పా," అన్నాడు, మెల్లగా. తిట్టి ఉంటే బాగుండేది.

మరుసటి రోజు పొద్దున ఆపరేషను చేశారు. నరాన్ని ఒత్తుతున్న ముక్కను తీసేశారు. ముందే అంతా విడమరిచి చెప్పాడాయన. ఇది నరం మీది బరువు దించడానికే గానీ నడుము కొత్తది కాదు, పాదం వస్తుందని మాట ఇవ్వలేను, ఏడాది చూద్దాం అన్నాడు. గుంతలో మాత్రం కూర్చోకూడదన్నాడు. పాదం వస్తే అప్పుడు ఆలోచిద్దామా అని నేను అడిగితే, అప్పుడు చూద్దాంలే అన్నాడు. ఆ ఒక్క మాటను పట్టుకుని నేను ఏడాది బతికాను.

పాదం వేలాడకుండా ప్లాస్టిక్ పట్టీ ఇచ్చారు. కసరత్తుల అమ్మాయి చెప్పిందల్లా రోజుకు మూడు పూటలా చేశాను. అరగంటకోసారి లేచి నడిచాను. చేయాల్సిన రోజుల్లో చేయనిదంతా ఇప్పుడు ఒక్కటి కూడా వదలకుండా చేశాను. ఆ అమ్మాయి నన్ను మెచ్చుకుంటే ఎక్కడికన్నా పారిపోవాలనిపించేది.

నా భార్య మగ్గం ఎక్కింది. నేను కండెలు చుట్టి ఇచ్చేవాణ్ణి. ఆమె నాకంటే జానెడు పొట్టి. మగ్గం తాళ్ల కట్లన్నీ మనిషి కాళ్ల పొడవును బట్టి కట్టుకుంటాం. పలకలు ఎంత లోతున వేలాడాలి, కూర్చునే చెక్క ఎంత ఎత్తుండాలి అన్నీ నా కొలతలే. ఆమెకు పలకలు అందేవి కావు. చెక్క అంచుకు జరిగి, నడుము సాగదీసి, మునివేళ్లతో తొక్కేది. తాళ్లు విప్పి కురచగా కట్టుకుంటే గంట పని. ఆమె కట్టుకోలేదు. నేను కట్టుకోమనలేదు. అవి మారిస్తే ఆ మగ్గం ఇంక నాది కాదు. పాదం వచ్చాక నేను కూర్చోవాలి గదా అని నాలోపల ఒక మొండివాడు గుంత పక్కన కాపలా కూర్చున్నాడు.

ఏడాది దాటాక ఒకరోజు ఒక్కడినే అనంతపురం వెళ్లాను. చీర మగ్గం మీద ఉందని ఆమె రాలేదు. డాక్టరు పాదం ఎత్తమన్నాడు. బొటనవేలు కొద్దిగా అదిరింది. అంతే. "ఇంక దీంతోనే పోవాలప్పా," అన్నాడు. గుంత సంగతి అడిగాను. తల అడ్డంగా ఊపాడు.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం. ఆమె గుంతలోనే ఉంది. నాడె ఆపి, "ఏమన్నాడు?" అంది.

ఇంకా టైము పడుతుందన్నాడు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. బస్సులో దాన్ని రెండుసార్లు పైకి అనుకుని చూసుకున్నాను కూడా.

"రాదంట," అన్నాను.

ఆమె నాడె పక్కన పెట్టింది. రెండు చేతులూ నేల మీద ఆనించి లేవబోయి, సగంలో ఆగి నడుము పట్టుకుంది. ఆ పట్టుకోవడం నాకు తెలుసు. అంతకంటే బాగా నాకు ఇంకేదీ తెలియదు.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

"దసరా నుంచి."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే కట్లు నా కాళ్లకు మార్చుకోవాల గదా," అంది. "నువ్వు మళ్ళా కూచోవని నా నోటితో నీకెట్ల చెప్పేది?"

నాకు ఏడుపు వచ్చింది. దాచుకోలేదు. ప్లాస్టిక్ పట్టీ విప్పి పక్కన పెట్టి, గోడ పట్టుకుని గుంతలోకి దిగాను. ఆమెను చెక్క మీద వెనక్కి జరిగి సరిగ్గా కూర్చోమన్నాను. కాళ్లు వదలమన్నాను. పలకల తాళ్లు ఒక్కొక్కటే విప్పి, ఆమె పాదాల కిందికి వచ్చేలా కురచ చేసి బిగించాను. "తొక్కు," అన్నాను. తొక్కింది. "అందుతాండాదా?" అంటే తల ఊపింది. పని అయ్యాక నాకు పైకి ఎక్కడం చేతకాలేదు. ఆమె నా చంకల కింద చేతులు వేసి లాగింది.